చూడకముందే రాయండి

మనం రోజూ ఎన్నో అంచనాలు వేస్తుంటాం. ఈ పిల్లవాడికి ఏ చదువు అబ్బుతుంది, ఈ సంబంధం చేసుకుంటే అమ్మాయి సుఖపడుతుందా, ఈ స్థలం రేటు పెరుగుతుందా, ఈ కుర్రాణ్ణి పనిలో పెట్టుకుంటే నాలుగు కాలాలు నిలబడతాడా. వీటిలో చాలావాటికి జవాబు తేలడానికి ఏళ్లు పడుతుంది. తేలేసరికి అప్పట్లో ఏమనుకున్నామో మనకే సరిగ్గా గుర్తుండదు. 'నేను అప్పుడే అనుకున్నా' అనేసి ముందుకు పోతాం. వయసుతోపాటు అంచనా పదునెక్కుతుందని మన పెద్దలు నమ్మారు గానీ, తప్పు తప్పని తెలియని చోట ఎన్నేళ్లు గడిచినా పదునెక్కేది ధీమా ఒక్కటే. 2009లో డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద కలిసి ఒక వ్యాసం రాశారు. కానమన్ నిపుణుల సహజబుద్ధిని అనుమానంతో చూసేవాడు. క్లైన్ అగ్నిమాపక దళాధికారుల వంటివారి అనుభవాన్ని దగ్గరగా చూసి దాన్ని నమ్మినవాడు. విరోధులనుకున్న ఇద్దరూ చివరికి ఒకే మాట మీదికి వచ్చారు. అనుభవజ్ఞుడి అంచనాను నమ్మాలంటే అతను పనిచేసే లోకంలో ఒక క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకోవడానికి అతనికి చాలినంత అభ్యాసం, తప్పొప్పులు తెలిపే జవాబులు దొరకాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా అనుభవం పేరుకు మాత్రమే.

ఈ రెండు షరతులూ తీరే చోటు ఒకటి నెల్లూరు సీమలో దాదాపు ప్రతి ఊరి పక్కనా ఉంది. అది చెరువు. వలస బాతులు దిగే కాలంలో చెరువు కట్ట మీద నిలబడి, ఎక్కడ ఏ పక్షి ఉంటుందో ముందు ఊహించి కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే తలెత్తి చూడటం అంచనా వేయడంలో మనకు దొరికే శిక్షణల్లో అతి నిజాయితీ గలదని నేను నమ్ముతున్నాను. మనసుకు ప్రశాంతత కోసం పక్షుల్ని చూడమని చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. ప్రశాంతత వస్తే మంచిదే. నేను అడుగుతున్నది అంతకంటే కాస్త కష్టమైన పని.

ముందు క్రమం సంగతి. నెల్లూరు నేల పడమటి కొండల నుంచి తూర్పున సముద్రం వైపు వాలుతుంది. వాలుకు అడ్డంగా కట్ట వేస్తేనే నీరు నిలుస్తుంది కాబట్టి ఇక్కడ చాలా చెరువులకు కట్ట తూర్పు వైపున ఉంటుంది. లోతు కట్ట దగ్గర, తూము దగ్గర. పడమటికి పోయేకొద్దీ నీరు పలచబడి, చివరికి గడ్డిలో, తుమ్మచెట్ల మధ్య కలిసిపోతుంది. ఉదయం కట్ట మీద నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పక్షుల రంగులు తేటగా కనబడతాయి. సాయంత్రం అదే కట్ట నుంచి చూస్తే అన్నీ నల్లటి బొమ్మలే. తెల్లవారుజామున లేచే శక్తి లేనివారు పడమటి అంచుకు పోయి చూడాలి తప్ప కట్ట మీదికెక్కి లాభం లేదు.

తర్వాత కాలం. ఈ తీరానికి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఉత్తరాన మధ్య ఆసియాలో, సైబీరియాలో చలి ముదిరి బాతులు దక్షిణానికి దిగే నెలలు కూడా అవే. చెరువు నిండటం, పక్షి రావడం ఒకేసారి జరుగుతాయి. కానీ నిండిన చెరువంతా బాతులకు పనికిరాదు, అసలు మెలిక ఇక్కడే ఉంది. సూదితోక బాతు, గార్గనీ, చుక్కమూతి బాతు వంటివి మునిగి ఈదవు. తల నీటిలోకి దించి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులో మేస్తాయి. అంటే వాటికి మూరెడు లోతు చాలు, అంతకు మించితే అడుగు అందదు. నామాల కోడి, ఎర్రతల పోచార్డ్ బాతు మునిగి మేస్తాయి కాబట్టి మధ్య లోతుల్లోనూ ఉంటాయి. నీటికాకికి, గూడబాతుకు చేప ఉంటే చాలు. నారాయణపక్షి కాళ్లు మునిగేంత నీటిలో నిలబడుతుంది. సన్నకాళ్ల ఉల్లంకి పిట్టలకు తడి బురద కావాలి. కాబట్టి కలుజు మీదుగా నీరు పొర్లుతున్న నవంబరు చెరువులో మేత బాతుల్ని కట్ట దగ్గర వెతికేవాడు ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. అవి పడమటి ముంపు అంచున, గడ్డి మొదళ్లలో ఉంటాయి. సంక్రాంతి దాటి పొలాలకు తూము తీశాక నీరు దిగుతుంది, ఆ మూరెడు లోతు మెల్లగా చెరువు మధ్యకు జరుగుతుంది, బాతులూ దానితోపాటు జరుగుతాయి. వెనక మిగిలిన బురద మీదికి ఉల్లంకులు దిగుతాయి. మార్చి చివరికి చెరువు కుంచించుకుపోయి పక్షులన్నీ ఒకే మడుగు చుట్టూ గుమికూడతాయి. వారాలు గడిచేకొద్దీ ఏ గీత ఎటు కదులుతుందో ముందే గీసి చూపించవచ్చు.

ఈ లెక్కకు మినహాయింపులు ఉన్నాయి, ఉండటమే మంచిది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి కనిగిరి జలాశయాన్ని తీసుకోండి. (ప్రకాశం వైపు ఉన్న కనిగిరి పట్టణం వేరు, ఇది వేరు.) దానికి నీరు పెన్న మీద సంగం దగ్గరి నుంచి కాలువలో వస్తుంది. అక్కడికి పైన సోమశిల జలాశయం ఉంది. దాని సామర్థ్యం 78 టీఎంసీలు. ఇంత నీటిని నిలబెట్టి వదిలే చోట కింది చెరువు వానను బట్టి మాత్రమే నిండదు, ఎడగారు పంటకు నీరిస్తారా ఇవ్వరా అన్నదాన్ని బట్టి కూడా నిండుతుంది. వానాకాలం పోయి ఎండ ముదిరాక నీటిమట్టం పెరగడం ఇక్కడ వింతేమీ కాదు. అందుకే జలాశయం దగ్గర అంచనా వేసేవాడు ఆకాశంతోపాటు పేపర్లో నీటి విడుదల వార్తనూ చూడాలి. అంచనా తప్పినప్పుడు 'పక్షుల్ని ఎవరు నమ్ముతారు' అని వదిలేయకుండా 'నేను లెక్కలోకి తీసుకోని కారణం ఏది' అని అడగటం అలా మొదలవుతుంది.

ఇక పద్ధతి. కట్ట ఎక్కకముందు, కళ్లకు దుర్భిణి పెట్టకముందు, ఒక చిన్న నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి. నీరు ఎంతవరకు ఉంటుంది, ఏ పక్షులు చెరువులో ఏ భాగాన ఉంటాయి, సుమారు ఎన్ని ఉంటాయి. అంకె వేయండి. 'చాలా ఉంటాయి' అని రాస్తే తప్పే అవకాశం లేదు, తప్పే అవకాశం లేనిచోట నేర్చుకునేదీ ఏమీ ఉండదు. పక్కనే ఎంత నమ్మకంతో చెబుతున్నారో కూడా గుర్తుపెట్టండి. పదింట తొమ్మిది పాళ్లా, సగం సగమా? ఆ తర్వాత చూడండి. కొన్ని వారాలు రాశాక వెనక్కి తిప్పితే పదింట తొమ్మిది పాళ్లు అనుకున్నవి నిజంగా పదిలో ఎన్నిసార్లు నిలిచాయో కనబడుతుంది. ఆ పేజీ మీ గురించి చెప్పేది మీ స్నేహితులెవరూ చెప్పరు.

గాలి విషయంలో ఒక ఉదాహరణ చూపిస్తాను. డిసెంబరులో ఈశాన్య గాలి గట్టిగా కొట్టే రోజున చెరువు పడమటి భాగమంతా అలలతో కదులుతుంటుంది. కట్ట కింద మాత్రం నీరు నిలకడగా ఉంటుంది. పగటిపూట నిద్రపోయే బాతుకు కావలసింది ఆ నిలకడ నీరే. కానీ కట్ట మీద మోటారు సైకిళ్లు తిరుగుతాయి, గేదెల్ని తోలుకుపోతారు, బట్టలు ఉతుకుతారు. గాలి బాతును కట్ట వైపు నెడుతుంది, మనిషి అలికిడి దూరం నెడుతుంది. ఏది నెగ్గుతుంది? అలవాటైన చెరువులో అలవాటైన అలికిడిని పక్షులు ఓర్చుకుంటాయి, వేట ఉన్న చెరువులో ఓర్చుకోవు. కాబట్టి ఆ జవాబు చెరువుకో తీరుగా ఉంటుంది. ఒక చెరువును వదలకుండా చూసినవాడికే అది దొరుకుతుంది, పది చెరువులు తిరిగినవాడికి దొరకదు.

గుర్తుపట్టడంలోనూ ఇదే పద్ధతి. షవలర్ అనే బాతు మూతి కొస దగ్గర పారలా వెడల్పుగా ఉంటుంది. అవి ఒక గుంపుగా ముక్కులు నీటికి ఆనించి, ఒకదాని వెనక ఒకటి చిన్న వలయంలో గిరగిరా తిరుగుతాయి. కాళ్లు అలా తొక్కడంతో అడుగునున్న సన్నని పురుగు పైకి లేస్తుంది, మూతి అంచునున్న దువ్వెన లాంటి పళ్లు దాన్ని వడగడతాయి. ఈ సుడిని దూరం నుంచి చూసిన వెంటనే రంగు కనబడకపోయినా 'షవలర్' అని రాసేయవచ్చు. మగదాని తల ముదురాకుపచ్చ, రొమ్ము తెలుపు, పక్కలు ఇటుక ఎరుపు. కానీ అక్టోబరులో వెళ్లినవారు ఈ రంగుల కోసం వెతికితే మోసపోతారు. సంతాన కాలం అయ్యాక మగ బాతులు మెరిసే ఈకలు రాల్చి ఆడవాటిలా గోధుమ రంగులోకి మారతాయి. ఇక్కడికి దిగేనాటికి చాలావాటి వేషం ఇంకా అదే. గార్గనీ మగదానికైతే కంటి మీది తెల్లటి పెద్ద బొమ తిరిగి రావడానికి జనవరి, ఫిబ్రవరి దాకా పడుతుంది. పుస్తకంలో బొమ్మ చూసి 'మగవి లేవు, అన్నీ ఆడవే' అని నవంబరులో రాసుకున్నవాడు ఫిబ్రవరిలో మగవి ఎక్కడినుంచో కొత్తగా వచ్చాయనుకుంటాడు. అవి మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. రంగు కంటే ముందు మూతి ఆకారం, మెడ పొడవు, నీటి మీద తోక ఎత్తు చూడటం నేర్చుకుంటే ఈ బోల్తా తప్పుతుంది. చుక్కమూతి బాతు ఏడాది పొడవునా ఇక్కడే ఉండేది, దానిలో ఆడామగా తేడా పెద్దగా తెలియదు. నల్లటి మూతికి కొసన పసుపు ఎంత దూరానికైనా కనబడుతుంది కాబట్టి దానితో మొదలుపెట్టడం తేలిక.

నీటిని ఇలా చదవడం ఈ సీమకు కొత్త కాదు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ ఇక్కడి జంతుజాలం గురించి యానాదుల్ని అడిగి తెలుసుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లనూ నమోదు చేశాడు. యానాదుల్లా చెరువుల అంచునా కాలువల్లోనూ చేప పట్టి బతికే మనిషికి ప్రతి ఊహకూ ఆ పూటే జవాబు దొరికేది, బుట్ట నిండినా ఖాళీగా ఉన్నా. కానమన్, క్లైన్ చెప్పిన షరతులు ఇంతకంటే కఠినంగా ఎక్కడ అమలవుతాయి? జెర్డన్ పేరు మోసే కలివి కోడి 1900 తర్వాత శాస్త్రజ్ఞులకు కనబడకుండా పోయి, 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్లీ దొరికినప్పుడు కూడా దాన్ని ఎరిగిన స్థానికుల సాయంతోనే దొరికింది. అది నీటిపక్షి కాదు, ముళ్లపొదల పక్షి. అయినా పుస్తకం ఓడిన చోట రోజూ ఆ నేల మీద తిరిగినవాడి కన్ను గెలిచిందనడానికి అంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకు లేదు.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయి, అవి తోసిపుచ్చదగినవి కావు. మొదటిది: పక్కనే నేలపట్టు, పులికాట్ ఉండగా ఊరి చెరువు ఎందుకు? నిజమే, నేలపట్టు లాంటి చోటు దేశంలోనే అరుదు. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఆ చెరువులో నీటి మధ్య నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కింద కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఉంటాయి. పులికాట్ దేశంలోకెల్లా రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారి దాని మధ్యగుండా వెళుతుంది, నీరు పలచగా ఉన్న నెలల్లో ఆ దారికి రెండు వైపులా ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా కనబడతాయి. 2022 నుంచి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో ఉన్నా పక్షులకు ఆ హద్దు లేదు. తప్పకుండా చూడండి, పిల్లల్ని తీసుకెళ్లండి. అయితే అక్కడికి వెళ్లేది ఉన్నాయని ముందే తెలిసి. తెలిసినదాన్ని చూసి ఆనందించడం వేరు, తెలియనిదాన్ని ఊహించి సరిచూసుకోవడం వేరు. ఏడాదికోసారి చేసే యాత్రలో రెండోది సాగదు. వారానికోసారి, గంటసేపు, నడిచిపోయేంత దూరంలో అయితే సాగుతుంది.

రెండోది: ఫోనులో ఫొటో పెడితే పేరు చెప్పే యాప్‌లు వచ్చాక ఊహించడం ఎందుకు? మెర్లిన్ వంటి యాప్ మంచి పనిముట్టు, వాడండి. మీరు రాశాక వాడండి. 1978లో స్లామెక్కా, గ్రాఫ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, ఇచ్చిన మాటను చదివినవారి కంటే ఆ మాటను తామే ఊహించి పూరించినవారికి అది ఎక్కువగా గుర్తుండిపోయింది. ముందే జవాబు చూసేస్తే పేరు తెలుస్తుంది, కన్ను మాత్రం ఎదగదు. పైగా దూరాన తల రెక్కల్లో దాచుకుని పడుకున్న బాతును ఏ యాప్ కూడా నమ్మకంగా చెప్పలేదు. దుర్భిణి లేదంటారా? 8x42 రకం ఉంటే సగం కష్టం తీరుతుంది, లేకపోతే దగ్గరున్న నామాల కోళ్లు, కొంగలు, బుడుబుంగలతో మొదలుపెట్టి దూరంవాటిని 'బాతులు, గుర్తుపట్టలేదు' అని రాయండి. గుర్తుపట్టలేదని రాయడం ఓటమి కాదు. తెలిసినదానికీ తెలిసిందనుకున్నదానికీ మధ్య గీత గీయడమే ఈ అభ్యాసంలో సగం పని.

మూడోది అన్నిటికంటే బరువైనది. బాతుల గురించి అంచనా వేయడం వస్తే మనుషుల గురించి, డబ్బు గురించి వస్తుందా? రాదు. 1973లో చేజ్, సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగం ఈ ఆశను ముందే తుంచేసింది. నిజమైన ఆటలోని బల్లను అయిదు సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు పావుల స్థానాలు మామూలువాడి కంటే ఎంతో బాగా చెప్పగలిగాడు. పావుల్ని ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఆ మేటితనం దాదాపు మాయమైంది. నైపుణ్యం దాని చోటును వదిలి నడవదు. అందుకే చెరువు మిమ్మల్ని గొప్ప వ్యాపారిని చేస్తుందని నేను చెప్పను, అలా చెప్పే పుస్తకాన్ని మీరూ నమ్మవద్దు. నేను చెప్పేది ఇంతే. నమ్మదగిన అంచనా లోపలి నుంచి ఎలా ఉంటుందో ఒక్క రంగంలోనైనా రుచి చూసినవాడికి పోల్చుకోవడానికి ఒక కొలత చేతిలో ఉంటుంది. పడమటి అంచున సూదితోకలు ఉంటాయని రాసేటప్పుడు మీ వెనక నీటి లోతు, నెల, గాలి, పోయినవారపు పేజీ ఉంటాయి. ఒక స్థలం కొనమని ఎవరో తొందరపెట్టినప్పుడు అలాంటివి ఏవైనా ఉన్నాయా అని వెతికి చూస్తే లేవని తెలుస్తుంది. లేవని తెలియడం చిన్న లాభం కాదు. ఊహను ముందే కాగితం మీద పెట్టే అలవాటును మాత్రం ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, ఎందుకంటే దానికి బాతులతో పని లేదు.

పక్షులకు మన అభ్యాసం భారం కాకూడదు. బాతు లేవబోయే ముందు మెడ నిటారుగా నిలుపుతుంది, మేత ఆపుతుంది, మీకు దూరంగా ఈదడం మొదలుపెడుతుంది. ఆ మూడింటిలో ఏది కనబడినా మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, వెనక్కి తగ్గండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షిని ఫొటో కోసం లేపడం దాని తిరుగు ప్రయాణపు కొవ్వును మనం ఖర్చుపెట్టడమే. గూళ్లున్న చెట్ల దగ్గరికి అసలే పోవద్దు. తల్లి లేచిన నిమిషంలో కాకి గూట్లో ఉంటుంది.

చివరి అభ్యంతరం: మా చెరువులో ఏమీ ఉండవు, ఏం రాయాలి? సున్నా రాయండి. ఎవరూ రాయని సంగతుల్లో అదే ముఖ్యమైనది. 2023లో వెలువడిన భారతీయ పక్షుల స్థితి నివేదిక 30 వేల మందికి పైగా పక్షి వీక్షకులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదుచేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనల మీద నిలబడి 942 జాతుల పరిస్థితిని అంచనా కట్టింది. ఎక్కువగా తగ్గిపోతున్న వాటిలో వేటపక్షులు, వలస వచ్చే ఒడ్డుపక్షులతోపాటు బాతులు ఉన్నాయని చెప్పింది. ఒక పక్షి తగ్గిందని తెలియాలంటే అది ఉన్న రోజుల లెక్కతోపాటు లేని రోజుల లెక్క కూడా ఎవరో ఒకరు పెట్టి ఉండాలి. కలుపు మొక్క కమ్మేసిన చెరువు, మట్టి తవ్వకాలతో గుంతలు పడ్డ చెరువు, చుట్టూ రొయ్యల గుంటలు పెరిగిన చెరువు గురించి పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే 'అప్పట్లో చాలా బాతులు వచ్చేవి' అనే మాట ఏ కార్యాలయంలోనూ నిలవదు. తేదీతో, నీటిమట్టంతో, జాతి పేరుతో రాసిన వారవారపు పట్టిక నిలుస్తుంది.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, దాన్ని నడిపించేది ఎక్కువగా జీతం లేని వాలంటీర్లే. సంక్రాంతికి ఎలాగూ ఊరికి పోతారు. పండుగ పనులకు అటో ఇటో ఒక ఉదయం మీ ఊరి చెరువుకు కేటాయించి, రెండుసార్లు లెక్కపెట్టి, రెండు లెక్కలకు తేడా ఎక్కువగా వస్తే మూడోసారి పెట్టండి. గుంపు పెద్దదైతే ముందు పది పక్షులు ఎంత చోటు ఆక్రమిస్తున్నాయో చూసుకుని, అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఈబర్డ్‌లో చెరువు పేరు తెలుగులో అక్కడివారు పిలిచే పేరుతోనే పెట్టండి, వచ్చే జనవరిలో మరొకరు లెక్కపెట్టడానికి వస్తే దారి అడిగి చేరుకోగలిగేది ఆ పేరుతోనే.